సందె వేళకు బాతులు గూటికి చేరాలంటే

కోళ్లను పెంచిన అలవాటుతో బాతులను తెచ్చుకున్నవారికి మొదటి సాయంత్రమే చిక్కు ఎదురవుతుంది. పొద్దు గూకుతోందని కోడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మసక వెలుతురులో దానికి చూపు ఆనదు కాబట్టి తనంతట తానే గూట్లోకో చెట్టు కొమ్మ మీదికో చేరుతుంది. బాతుకు ఆ తొందర ఉండదు. మస్కోవీ అనే జాతిని మినహాయిస్తే మన పెరళ్లలో తిరిగే బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. ఆ జాతికి రాత్రి పూట మేయడం కొత్త కాదు. మసకలో దాని చూపు కోడి చూపుకన్నా మెరుగు. పైగా బాతు ఒక కన్ను మూసి, రెండో కన్ను తెరిచి నిద్రపోగలదు. మంద అంచున పడుకున్న బాతు బయటి వైపు కన్నును తెరిచే ఉంచుతుంది. ఇంత ఏర్పాటు తనకే ఉండగా, మీరు కట్టిన గూట్లోకి ఎందుకు రావాలో దానికి అర్థం కాదు.

కానీ ఎగరలేక, నేల మీద నిదానంగా నడిచే పక్షికి ఆ ఒక్క కన్ను కాపలా చాలదు. తిరుపతి పట్టణంలో వీధి కుక్కలు, పందికొక్కులు. చంద్రగిరి, పాకాల వైపు తోటల్లో నక్కలు, అడవి పిల్లులు. పొద్దు వాలే వేళ, తెల్లవారే వేళ ముంగిసలు. శేషాచలం కొండల అంచున ఇల్లు ఉంటే చిరుత మాట కూడా మరిచిపోకూడదు. కాబట్టి కోడి విషయంలో చీకటి చేసే పనిని బాతు విషయంలో అలవాటు చేయాలి. ఆ అలవాటును వెలుతురు ఉండగానే నేర్పాలి. రాత్రి ఏడింటికి టార్చి పట్టుకుని పెరడంతా తరిమితే బాతులు నేర్చుకునేది ఒక్కటే: సాయంత్రం మిమ్మల్ని చూస్తే పారిపోవాలని.

ముందు గూడు సంగతి

చాలా ఇళ్లలో తప్పు బాతులది కాదు, గూటిది. శిక్షణ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. సాయంత్రం ఐదున్నరకు గూటి ముందు నేల మీద కూర్చుని, తల వంచి, బాతు కళ్ల ఎత్తు నుంచి తలుపులోకి చూడండి. లోపల ఏమీ కనిపించని నల్లటి కంత కనిపిస్తే మీ బాతులకూ అదే కనిపిస్తోంది. తాను చూడలేని చోటికి ఏ బాతూ ఇష్టపడి అడుగుపెట్టదు. లోపల ఒక జీరో బల్బు పెట్టండి, లేదా తలుపుకు ఎదురుగా ఉన్న గోడలో వెలుతురు వచ్చేలా ఇనుప వల బిగించిన కిటికీ పెట్టండి. చాలా బాతుల మొండితనం ఈ ఒక్క మార్పుతోనే సగం తగ్గుతుంది. కరెంటు పోయే ఊళ్లలో పగలు ఛార్జి అయ్యే చిన్న సోలార్ దీపం నయం. అప్పటిదాకా వెలుతురు ఉండి ఉన్నట్టుండి చీకటి అయితే బాతులు బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి.

తలుపు వెడల్పు కూడా చూడండి. కోళ్ల గూటికి పెట్టే చిన్న ద్వారం బాతులకు పనికిరాదు. కోళ్లు ఒక్కొక్కటిగా దూరుతాయి. బాతులు గుంపుగా వస్తాయి, ద్వారం దగ్గర ఇరుకైతే ముందున్నది ఆగుతుంది, వెనుకవి చెదిరిపోతాయి. రెండు బాతులు పక్కపక్కన నడిచిపోయేలా కనీసం రెండు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంచండి. గడప ఎత్తుగా వద్దు. వాన నీళ్ల భయంతో గూటిని ఎత్తు మీద కట్టినట్టయితే, అడుగు ఎత్తుకు మూడు అడుగులకు తగ్గని వాలు చెక్క వేసి, కాలు జారకుండా అడ్డంగా పలక ముక్కలు కొట్టండి. బాతు కాలు బలమైనది కాదు. ఎగిరి దూకమంటే కుంటుతుంది, కుంటిన బాతు మరుసటి రోజు ఆ వాలు దగ్గరికే రాదు.

ఒక్కో పెద్ద బాతుకు రాత్రి పడుకోవడానికి మూడు, నాలుగు చదరపు అడుగుల నేల కావాలి. పది బాతులకు ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గది చక్కగా సరిపోతుంది. కొమ్మలు, దండెలు అక్కర్లేదు, అవి నేల మీదే పడుకుంటాయి. నేలకు కడప బండలు పరిస్తే పందికొక్కులు తవ్వి రాలేవు. కానీ ఉత్త బండ మీద పాదాలు ఒరుసుకుపోతాయి కాబట్టి పైన మందంగా ఊక గానీ వరిగడ్డి గానీ పరవాలి. మన జిల్లాల్లో వేరుశనగ పొట్టు చవకగా దొరుకుతుందని దాన్నే పోస్తుంటారు. బాగా ఎండినదైతే సరే, తడిసి బూజు పట్టినది మాత్రం వద్దు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని బాతులు అస్సలు తట్టుకోలేవు. దాణాలో కలిపే వేరుశనగ చెక్కకూ ఇదే హెచ్చరిక. కోడి తిని తట్టుకునే పాత చెక్క బాతు పిల్లను చంపేస్తుంది.

గాలి ఆడే కిటికీలు బాతు తల ఎత్తుకన్నా పైన ఉండాలి. కిటికీలకు సన్న కోళ్ల వల కాకుండా అర అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ కొట్టించండి. మొదటిది బాతును లోపల ఉంచుతుందే తప్ప కుక్కను బయట ఉంచదు. తలుపుకు రెండు గడియలు పెట్టండి, ఒకటి పైన, ఒకటి కింద.

రేకుల షెడ్డు గురించి వేరుగా చెప్పాలి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా ఎండిన రేకు సాయంత్రం ఆరింటికి కూడా సెగ కక్కుతుంది. ఆ సమయంలో బాతులు తలుపు దాకా వచ్చి వెనుదిరిగితే వాటిని తప్పుపట్టలేం. మీరు లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు నిలబడి చూస్తే తెలుస్తుంది. రేకుల పైన చెరకు ఆకు గానీ కొబ్బరి మట్టలు గానీ మందంగా కప్పండి, లేదా తెల్ల సున్నం కొట్టండి. సాయంత్రం నాలుగింటప్పుడు ఒకసారి పైన నీళ్లు చల్లినా బాతులు వచ్చేసరికి లోపల చల్లబడుతుంది. షెడ్డును కొత్తగా కట్టేవారైతే మామిడి చెట్టుకు తూర్పున, సాయంత్రపు నీడ పడే చోట కట్టడం అన్నిటికన్నా సులువు.

మొదటి వారం

కొత్తగా తెచ్చిన పెద్ద బాతులను మొదటి రోజే పెరట్లో వదలకండి. ఐదు నుంచి ఏడు రోజులు గూట్లోనే, దానికి ఆనుకుని తడికలతో కట్టిన చిన్న ఆవరణలోనే ఉంచండి. ఆవరణలో నీళ్ల తొట్టి, గూట్లో దాణా. రోజూ సాయంత్రం దాణా గూట్లోనే తినాలి కాబట్టి తలుపు దాటడం వాటికి తిండితో కలిసిన పని అవుతుంది. ఇల్లంటే ఇదే అన్న గుర్తు పడేది ఈ రోజుల్లోనే. బాతులు అరుస్తాయి, మొదటి రెండు రోజులు తినవు కూడా. జాలిపడి వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక వదిలే రోజు. అందరూ పొద్దున్నే తలుపు తీసి రోజంతా తిరగనిచ్చి, సాయంత్రం రమ్మని బతిమాలతారు. దీన్ని తిరగేయండి. మొదటి రోజు మధ్యాహ్నం దాణా పెట్టకుండా, పొద్దు గూకడానికి ఒక గంట ముందు మాత్రమే వదలండి. ఆకలితో ఉన్న బాతులు గూటి చుట్టుపక్కలే తిరుగుతాయి. అరగంట కాగానే గిన్నె మోగించి పిలిచి, లోపల దాణా పెట్టండి. అన్నీ చేరగానే తలుపు వేయండి. మరుసటి రోజు ఇంకో గంట ముందు వదలండి. ఇలా రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ వారం పది రోజుల్లో పగలంతా తిరిగే స్థాయికి తేవచ్చు. వదిలే సమయం ఎంత మారినా పిలిచే సమయం, పిలిచే తీరు, పెట్టే చోటు మారకూడదు.

పిల్లలప్పటి నుంచీ పెంచేవారికి పని తేలిక. బల్బు వెచ్చదనం కింద పెరిగిన బాతు పిల్లలు మూడు నాలుగు వారాల వయసులో బయటికి వచ్చేటప్పటికే మీ గొంతు గుర్తుపడతాయి, మీ వెంటే నడుస్తాయి. ఆ నడకను గూటి వైపు తిప్పితే చాలు. మన పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది: బాతు గుడ్లను నాటు కోడి కింద పొదిగేయడం. ఖాకీ కాంప్‌బెల్ వంటి గుడ్ల జాతులు సరిగా పొదగవు కాబట్టి ఇది తెలివైన పనే. కోడి గుడ్డు 21 రోజుల్లో పిల్ల అయితే బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది, కోడి ఓపికగా కూర్చుంటుంది. పిల్లలు నీళ్లలోకి దిగితే గట్టున నిలబడి గోల చేసే ఆ తల్లి, సాయంత్రం మాత్రం వాటిని తిన్నగా గూటికి తీసుకొస్తుంది. బాతులకు సందె వేళ నేర్పించే గురువుగా నాటు కోడిని మించినది లేదు. అయితే పిల్లలు ఎదిగాక కోడి దండె ఎక్కి పడుకుంటుంది. అప్పటికి నేల మీద వాటికి చోటు చూపించి ఉండాలి.

రోజువారీ పద్ధతి

గడియారం చూసి పిలిచేవారు ఒక సంగతి గమనించాలి. తిరుపతిలో జులై మొదట్లో సూర్యుడు సుమారు 6.45కు అస్తమిస్తే, నవంబరు చివర్లో 5.40కే అస్తమిస్తాడు. గంటకు పైగా తేడా. ఏడాది పొడుగునా ఆరున్నరకే పిలుస్తానంటే చలికాలంలో చీకట్లో తరుముకోవాల్సి వస్తుంది. సూర్యాస్తమయానికి ఇరవై నిమిషాల ముందు అన్నది లెక్కగా పెట్టుకుని, పదిహేను రోజులకోసారి సమయాన్ని ఐదు పది నిమిషాలు జరుపుకుంటూ రండి. ఇంత నిదానమైన మార్పును బాతులు పట్టించుకోవు.

సాయంత్రం నాలుగు దాటాక బయట తిండి ఏదీ వేయకండి. వంటింట్లో మిగిలిన అన్నం, కూర తొక్కులు ఆ సమయంలో పెరట్లో విసరడం ఇంట్లో పెద్దవాళ్లకు అలవాటు. ముందే చెప్పి పెట్టండి. కడుపు నిండిన బాతును ఏ పిలుపూ కదిలించదు. రోజంతా నత్తలు, పురుగులు, గడ్డి మేసిన పెద్ద బాతుకు సాయంత్రం గుప్పెడు దాణా, అంటే 50, 60 గ్రాములు చాలు. నూకలు, తవుడు కలిపి కొద్దిగా నీళ్లు చల్లి ముద్ద కట్టకుండా పొడిపొడిగా చేయండి. రాగులు ఉంటే కొన్ని కలపండి. పదిహేను నిమిషాల్లో తినేసేంతే పెట్టండి. మిగిలితే పులుస్తుంది, ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి.

దాణా పక్కనే నీళ్లు ఉండి తీరాలి. బాతు నోటిలో దాణా పెట్టుకుని నీళ్ల దగ్గరికి పరుగెత్తి మింగుతుంది. నీళ్లు బయట, దాణా లోపల పెడితే తలుపు దగ్గర రాకపోకలు తెగవు, మీరు తలుపు వేయలేరు. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు, అంటే రెండు మూడు అంగుళాలు ఉండి, బాతు దిగి ఈదలేనంత ఇరుకుగా ఉండే బరువైన గిన్నె వాడండి. దాన్ని తలుపుకు దగ్గరగా, కింద కంకర పోసిన మూలలో పెడితే చిందిన నీళ్లు పరుపు ఊకను తడపవు.

పిలుపు ఏదైనా ఫర్వాలేదు. నేను ‘బా బా బా’ అంటూ సత్తు గిన్నె మీద గరిటెతో కొడతాను. గొంతు కన్నా గిన్నె మంచిదని నా అభిప్రాయం. మీకు జలుబు చేసినా, మీ బదులు ఇంకొకరు పిలిచినా గిన్నె మోత మారదు. ఒక్క నియమం: ఆ మోత వినిపించినప్పుడల్లా గూట్లో తిండి ఉండాలి. పగలు సరదాకు పిల్లలు గిన్నె కొట్టి బాతులను ఉరికిస్తే, వారం తిరిగేసరికి ఆ పిలుపు విలువ పోతుంది.

కర్రతో నడిపించడం

పిలుపుకు అన్నీ రావు, ముఖ్యంగా మొదట్లో. అప్పుడు కర్ర కావాలి. కోతలైన వరి మళ్లలో వందల బాతులను మేపుకుంటూ తిరిగే కాపరులను గమనించండి. పొడవైన వెదురు కర్ర ఒకటి చేతిలో ఉంటుంది, దాన్ని బాతుకు తగిలించడం మాత్రం అరుదు. కర్ర పని కొట్టడం కాదు, మీ చేతిని పొడుగు చేయడం. ఆరడుగుల కర్రలు రెండు తీసుకుని, రెండు చేతులూ పక్కలకు చాపి, నేలకు దగ్గరగా పట్టుకోండి. మీరొక కదిలే దడి అవుతారు.

బాతు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, దానికి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది. అందుకే వెనుక నుంచి మీరు వేసే ప్రతి అడుగూ దానికి తెలుస్తుంది. మంద తలలు దించుకుని వరుసగా నడుస్తుంటే మీ వేగం సరిగా ఉంది. తలలు నిక్కి, మెడలు సాగదీసి, గొంతు పెంచితే మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట. అక్కడే ఆగండి. అవసరమైతే రెండడుగులు వెనక్కి వేయండి. అవి సర్దుకున్నాక మళ్లీ కదలండి. ఎడమకు తిరగాలంటే కుడి కర్రను కొంచెం ముందుకు చాపండి. అరవడం, చప్పట్లు కొట్టడం, ఎడ్లను అదిలించినట్టు అదిలించడం వద్దు.

మంద ఎప్పుడూ ముందున్న బాతు వెంట పోతుంది. ప్రతి మందలోనూ ఒకటి రెండు ముందు నడిచేవి ఉంటాయి, సాధారణంగా వయసు మీరిన ఆడ బాతులు. వాటిని గుర్తుపట్టి, వాటి తల గూటి వైపు ఉండేలా చూడండి. చివరన వెనుకబడిన దానికోసం పక్కకు పరుగెత్తకండి. మంద లోపలికి పోయాక ఒంటరిగా బయట మిగిలిన బాతు తానే గాభరాగా వచ్చి చేరుతుంది. మొదటి బాతు గడప దగ్గర ఆగి లోపలికి చూస్తున్నప్పుడు మీరు రాయిలా నిలబడాలి. ఆ పది సెకన్లలో తోస్తే మంద రెండుగా చీలి మీ కాళ్ల పక్కల నుంచి వెనక్కి పారిపోతుంది, ఆ సాయంత్రం మళ్లీ మొదటి నుంచి.

స్థలం ఉంటే తలుపుకు రెండు వైపులా పది అడుగుల పొడవు తడికలను బయటికి విచ్చుకునేలా నిలబెట్టండి. వెడల్పు మూతి నుంచి లోపలికి వచ్చిన మంద తనకు తెలియకుండానే తలుపు దగ్గరికి చేరుతుంది. ఒంటరిగా బాతులను చూసుకునేవారికి ఈ తడికలు రెండో మనిషితో సమానం. కొన్ని వారాల తర్వాత ఇవి అవసరం ఉండదు, తీసేయవచ్చు.

నీళ్లలోంచి రప్పించడం

ఇంట్లో తొట్టి ఉన్నవారికి ఇది సమస్యే కాదు. నాలుగున్నరకు తొట్టి ఖాళీ చేసి ఆ నీళ్లు కొబ్బరి చెట్టుకో అరటికో పోయండి. బాతు ఎరువు కలిసిన ఆ నీళ్లను చెట్లు ఇష్టంగా తాగుతాయి. చెరువు, కుంట పక్కన పెంచేవారి కష్టం వేరు. నీటి మధ్య ఉన్న బాతు తనకు ఏ భయమూ లేదనుకుంటుంది, చీకటి పడేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. రాళ్లు విసిరితే గట్టుకు భయపడుతుంది, అంటే మీరు కోరినదానికి సరిగ్గా ఎదురు. గట్టున నిలబడి గిన్నె మోగించి, నీటి అంచున కొద్దిగా దాణా చల్లండి. అప్పటికీ రాకపోతే ఇద్దరు మనుషులు పొడవైన తాడుకు గుడ్డ పీలికలు కట్టి, చెరో గట్టున పట్టుకుని నీటి మీద నెమ్మదిగా లాగుతూ రండి. తాడు ముందు బాతులు ఒడ్డుకు కదులుతాయి. ఎట్టి పరిస్థితిలోనూ సందె చీకట్లో నీళ్లలోకి దిగకండి. వీలైతే గూటికీ నీటికీ మధ్య ఒక తడిక తలుపు పెట్టి, నాలుగున్నర తర్వాత నీటి వైపు పోకుండా మూసేయడమే శాశ్వత పరిష్కారం.

అలవాటు పడ్డవి ఉన్నట్టుండి మానేస్తే

నెలల తరబడి బుద్ధిగా వచ్చిన మంద ఒక రోజు తలుపు దగ్గర ఆగిపోతే, ముందు గూటిని అనుమానించండి. టార్చి వేసి మూలమూలా చూశాకే చేయి పెట్టండి. పాము దూరి ఉండవచ్చు. రాత్రి ఏదో జంతువు వచ్చి గోకి వెళ్లి ఉండవచ్చు, తలుపు కింద గీతలు, వెంట్రుకలు చూడండి. ఎర్ర చీమలు పట్టి ఉండవచ్చు. వంగి ఊపిరి పీల్చినప్పుడు మీ కళ్లు మండితే ఊక మార్చాల్సిన రోజు దాటిపోయిందన్నమాట. ఇవేవీ కాకపోతే చుట్టూ కొత్తగా ఏం చేరిందో చూడండి. గూటి పక్కన ఎండేసిన నీలం పట్టా, దారిలో పెట్టిన ఎర్ర బకెట్టు కూడా చాలు, మంద మొత్తం ఆగిపోవడానికి.

ఒక్క బాతు మాత్రమే రాకుండా ఉంటే కారణం ఆ బాతులో ఉంది. గుడ్ల వయసు ఆడదైతే అరటి పొదలోనో గడ్డి వామి కిందనో గూడు పెట్టుకుని ఉంటుంది. పగలు దాని వెంట వెళ్లి చూసి, గుడ్లు తీసేసి, గూట్లోనే ఒక మూల గడ్డి పరిచి ఒక గుడ్డు గుర్తుగా ఉంచండి. కుంటుతుంటే పాదాల అడుగు చూడండి, ముల్లు గానీ వాపు గానీ ఉంటుంది. నూకలు మాత్రమే తిని పెరిగే పిల్లలకు నియాసిన్ అనే విటమిన్ చాలక కాళ్లు వంగుతాయి. బాతుకు అది కోడికన్నా ఎక్కువ కావాలి, దాణాలో తవుడు తగ్గించకపోవడానికి ఇదొక కారణం. ముదిరినట్టు అనిపిస్తే పశువైద్యుడికి చూపించండి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు తిరుపతి, మనకు ఆ కొరత లేదు.

కొన్నిసార్లు అడ్డం మగ బాతు. తోక మీద ఈకలు రింగు తిరిగి ఉండేదే మగది (మస్కోవీలకు ఈ గుర్తు ఉండదు). మందలో మగవి ఎక్కువైతే తలుపు దగ్గరే ఆడవాటిని తరుముతాయి. ఆరేడు ఆడవాటికి ఒక మగది చాలు, మిగిలినవాటిని వేరు చేయండి. మస్కోవీలైతే ఎగిరి గోడో కొమ్మో ఎక్కి కూర్చుంటాయి. ఒక రెక్క పొడవైన ఈకలను మాత్రం కత్తిరిస్తే తూకం తప్పి ఎగరలేవు. ఈకల మొదళ్లలో రక్తం కనిపించే కొత్త ఈకలను కత్తిరించకండి.

పట్టుకోక తప్పని రోజు వస్తే కాళ్లు పట్టి ఎత్తకండి, తొడ ఎముక విరుగుతుంది. మెడను మెల్లగా పట్టి, వెంటనే రెండో చేత్తో రెక్కలతో సహా ఒంటిని చుట్టి చంకకు ఆనించుకోండి. అలా మోసుకెళ్లి గూట్లో పెట్టడం ఆ రాత్రికి పనికొస్తుంది, శిక్షణగా లెక్కకు రాదు.

పండుగలు, వానలు, వీధి దీపాలు

పట్టణంలో వీధి దీపం వెలుతురు పెరట్లో నేరుగా పడితే బాతులకు రాత్రయినట్టే అనిపించదు. తొమ్మిదింటికి కూడా మేస్తూ, అరుస్తూ తిరుగుతాయి, పక్కింటివారు మీ తలుపు తడతారు. ఆ వైపు తడిక కట్టండి. పున్నమి రోజుల్లోనూ కొంత ఇబ్బంది ఉంటుంది, ఆ సాయంత్రాలు పది నిమిషాలు ముందే పిలవండి. దీపావళి రోజు పొద్దు ఉండగానే మూసేసి, టపాసుల వైపు కిటికీలకు గోనె సంచులు కట్టండి, గాలికి పైన సందు వదిలి. మే నెలలో గంగమ్మ జాతర డప్పులు మీ వీధి మీదుగా వెళ్తే ఇదే జాగ్రత్త.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలు అసలు పరీక్ష. వాన అంటే బాతులకు పండుగ, గూటి మాట గుర్తుండదు. 2021 నవంబరులో తిరుపతిలో, స్వర్ణముఖి పొడుగునా నీళ్లు ఎలా వచ్చాయో చూసినవారు పల్లంలో గూడు కట్టరు. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నమే బాతులను లోపల పెట్టండి. ఆ పూట తడి ఊక మీద పొడి ఊక ఒక పొర అదనంగా వేయండి. ఈదే పక్షే అయినా రాత్రంతా బురదలో పడుకుంటే జబ్బు పడుతుంది.

ఇవే నెలల్లో పులికాట్, నేలపట్టు వైపు వలస పక్షులు దిగుతాయి. అడవి బాతులు బర్డ్ ఫ్లూను మోసుకురాగలవు, ఒక్కోసారి పెంపుడు బాతులో ఆ జబ్బు పైకి కనిపించదు కూడా. 2024 ఫిబ్రవరిలో పొరుగున నెల్లూరు జిల్లాలో కోళ్లకు అది సోకింది. చెరువులో మీ బాతులతో కలిసి అడవి బాతులు మేస్తుంటే ఆ కొన్ని నెలలు చెరువు మాన్పించండి. మందలో ఒకేసారి చావులు కనిపిస్తే చేతులతో తాకకుండా పశుసంవర్ధక శాఖ వారికి చెప్పండి.

పొద్దున ఎప్పుడు తీయాలి

తెల్లవారగానే తలుపు తీయకండి. బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే, ఎనిమిది తొమ్మిది లోపే గుడ్లు పెడతాయి. ఆలోపు వదిలితే గుడ్లు చెరువు గట్టున, పొదల్లో, కాకుల పాలు. ఎనిమిదిన్నర దాకా ఆగి తీస్తే గుడ్లు గూట్లోనే దొరుకుతాయి, ముంగిసలు తిరిగే వేళ కూడా కొంత దాటుతుంది. వేసవిలో మాత్రం లోపల ఉక్కపోత కాబట్టి ఏడున్నరకే తీసి, ఆవరణలో ఇంకో గంట ఉంచి వదలండి. తీసిన వెంటనే లెక్కపెట్టండి. సాయంత్రం లెక్కతో సరిపోకపోతే వల ఎక్కడో చిరిగింది.

ఊరు వెళ్లాల్సి వస్తే బాతులను చూసుకునే మనిషిని ముందు రెండు మూడు సాయంత్రాలు మీతో పాటు నిలబెట్టండి. చివరి రోజు గిన్నె ఆయన చేతికిచ్చి మీరు ఇంట్లోనే ఉండండి. తాళం చెవి, దాణా కొలత, కర్రలు ఎక్కడున్నాయో చూపించండి. బాతులు ఎన్ని ఉన్నాయో తలుపు లోపలి వైపు సుద్దతో రాసిపెట్టండి.